తివాచీ మెత్తబడ్డ రోజు

మునీర్‌కు సెలవు కావాలి.

సెలవంటే నాలుగు రోజులు ఇంటికి వెళ్ళి రావడానికి కాదు. చదువు పూర్తయింది, ఇక నువ్వే ఒకచోట కూర్చుని పదిమందికీ చెప్పుకోవచ్చని గురువు నోటితో ఇచ్చే సెలవు. దాని కోసమే అతను ఆదిలాబాద్ అడవుల అంచున, రాతిగుట్ట మీద, సూఫీ గురువు సాబిర్ షా దగ్గర ఏడేళ్ళుగా ఉంటున్నాడు.

వరంగల్ కొత్తవాడలో మేనమామ అతని కోసం ఒక గది ఖాళీ చేసి పెట్టాడు. "జనవరి ఆఖరు దాకా ఆపుతాను. ఆ తర్వాత నూలు బేళ్ళు పెట్టేస్తాను" అని ఉత్తరం రాశాడు. అప్పుడు డిసెంబర్ మొదటి వారం.

ఆ ఉత్తరం పట్టుకుని మునీర్ గురువు ముందు కూర్చున్నాడు.

"హజ్రత్, నేను వచ్చి ఏడేళ్ళయింది."

"అప్పుడేనా?"

"మొన్నటికి సరిగ్గా రెండు వేల ఐదు వందల యాభై ఏడు రోజులు."

సాబిర్ షా నవ్వాడు. డెబ్బై ఐదేళ్ళ మనిషి. పై వరసలో రెండు పళ్ళు లేవు. నవ్వితే ఆ సందు ముందు కనిపిస్తుంది. "నేను లెక్కపెట్టలేదు బేటా. నీతో రోజులు హాయిగా గడిచిపోయినయి."

మునీర్ ఉత్తరం చూపించాడు. సాబిర్ షా చదివి, మడిచి, తిరిగి అతని చేతిలోనే పెట్టాడు.

"మన పెద్ద గది ఉంది కదా."

"ఉంది."

"చలికాలం దాన్ని ఎవరైనా వాడుతున్నరా?"

ఎవరూ వాడరు. ఆ గుట్ట మీద ప్రతి జుమ్మేరాత్, అంటే ప్రతి గురువారం, సాయంత్రం నాలుగింటికి కింది ఊరివాళ్ళు వచ్చి కూర్చుంటారు. సాబిర్ షా ఒక కథ చెబుతాడు. ఎవరో ఒక పాట పాడతారు. అందరూ చాయ్ తాగి దిగిపోతారు. వచ్చేవాళ్ళలో నమాజు చేసేవాళ్ళున్నారు, బతుకమ్మ ఆడేవాళ్ళున్నారు, అడవి దేవుళ్ళకు మొక్కేవాళ్ళున్నారు. అయితే పెద్ద గది మొత్తం నల్లరాయి. దీపావళి దాటితే నేల మీద అరికాలు ఆనదు. నిప్పుల కుంపటి పెడదామంటే కిటికీలు చిన్నవి, పొగ పోదు, ముసలివాళ్ళు దగ్గి దగ్గి సొమ్మసిల్లుతారు. అందుకని దీపావళి నుంచి శివరాత్రి దాకా గది మూతబడే ఉంటుంది. ఆ నాలుగు నెలలూ కింది ఊరివాళ్ళు ఎవరి ఇంట్లో వాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు.

"ఆ గదిని వెచ్చగా చెయ్యి" అన్నాడు సాబిర్ షా. "నాలుగు జుమ్మేరాత్‌లు గది నీది. కథ నువ్వే చెప్పు. నాలుగోది అయినాక సెలవు సంగతి మాట్లాడుకుందాం. గది వెచ్చబడకపోతే వచ్చే చలికాలం చూద్దాం."

మునీర్‌కు నవ్వు ఆగలేదు. వెచ్చబడకపోవడమేమిటి? అతను పుట్టిందే జంపఖానాలు నేసేవాళ్ళ ఇంట్లో.

*

ఆ సాయంత్రమే మూరతాడు తీసుకుని గది కొలిచాడు. పొడవు ముప్పై అడుగులు, వెడల్పు పదహారు. నాలుగు వందల ఎనభై చదరపు అడుగుల నల్లరాయి.

వరంగల్‌లో తండ్రికి కబురు పెట్టాడు. వారంలో సోనేరావు ఎడ్లబండిలో పదహారు జంపఖానాలు దిగాయి. ఒక్కొక్కటి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. వాటితోపాటు పాత దుప్పట్లో చుట్టిన ఒక బరువైన చుట్ట కూడా దిగింది.

"గిదేంది? గింత బరువుంది? మనిషినేమన్న చుట్టినవా?" అన్నాడు సోనేరావు. కింది ఊళ్ళో బండి తోలే గోండు మనిషి. ఏదీ మెల్లగా మాట్లాడడు, అరుస్తాడు.

"నా తివాచీ" అన్నాడు మునీర్. "మెల్లగా దించు అన్నా."

అది అతను గుట్టకు రాకముందు తన చేతులతో నేసిన ఒకే ఒక్క ఉన్ని తివాచీ. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ఎర్రటి నేల మీద దానిమ్మ పూలు. పదకొండు నెలలు పట్టింది. అమ్మడానికి మనసొప్పక దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టి వచ్చాడు. ఏడేళ్ళుగా దాన్ని ఎవరూ తొక్కలేదు.

పని మొదలుపెట్టాడు. ముందు నేలంతా జానెడు మందాన వరిగడ్డి పరిచాడు. ఉత్తరం వైపు కిటికీలకు, తలుపుకు గొంగళ్ళు వేలాడదీశాడు. గడ్డి మీద ఒక పొడవు గోడ వెంట ఐదు జంపఖానాలు, ఎదుటి గోడ వెంట ఐదు. మధ్యలో ఎడమన రెండు, కుడిన నాలుగు. వాటి నడుమ మిగిలిన పన్నెండుకు ఎనిమిదడుగుల ఖాళీలో తివాచీ. వేలు దూరేంత సందు కూడా మిగల్లేదు.

గది వెచ్చబడింది. నిజంగానే వెచ్చబడింది. మునీర్ దాన్ని పరీక్ష పెట్టి మరీ చూశాడు. ఒక కొబ్బరినూనె సీసా బయట అరుగు మీద, ఒకటి గదిలో పెట్టాడు. తెల్లారేసరికి అరుగు మీది నూనె తెల్లగా గడ్డకట్టింది. గదిలోది కదిపితే నీళ్ళలా కదిలింది.

రెండు సీసాలూ తెచ్చి గురువుకు చూపించాడు.

సాబిర్ షా రెంటినీ ఎత్తి వెలుతురులో చూశాడు. "బాగుంది బేటా" అన్నాడు. "నూనెకు బాగుంది."

*

మొదటి జుమ్మేరాత్‌కు నలభై ఒక్కమంది వచ్చారు. చలికాలంలో గది తెరిచారంటే చూద్దామని కొందరు, మునీర్ కథ ఎలా చెబుతాడో విందామని కొందరు.

తలుపు దగ్గర మునీర్ నిలబడి ఉన్నాడు. పక్కన రాతితొట్టి నిండా నీళ్ళు, ఒక చెంబు, పాదాలు రుద్దుకోవడానికి గరుకురాయి, తుడుచుకోవడానికి గోనెపట్టా.

"కాళ్ళు కడుక్కుని రండి. మడమలు కూడా రుద్దండి. తడి లేకుండా తుడుచుకోండి."

ముందు వచ్చింది భూదవ్వ. ఎనభై ఏళ్ళుంటాయి. కర్ర పట్టుకుని, ఆగి ఆగి గుట్ట ఎక్కి వస్తుంది. ఆ ఊళ్ళో ఆమె నోటికి భయపడనిది సాబిర్ షా ఒక్కడే.

చెంబులో వేలు ముంచి వెంటనే తీసేసింది.

"పిలగా, గివి నీళ్ళా, మంచుగడ్డలా?"

"పొద్దుటి నుంచి నీడలో ఉన్నాయి అవ్వా. ఒక్క నిమిషమే."

"నిమిషం నీకు. నా కాళ్ళు గీ నీళ్ళల్ల పెడితే అవి నాయో కావో రేపటిదాంక తెల్వది."

అయినా కడుక్కుంది. పళ్ళు కటకటలాడించుకుంటూ లోపలికి వచ్చి, నేరుగా తివాచీ వైపు నడిచింది.

"అవ్వా, అవ్వా! దాని మీద కాదు. అటు, రెండో జంపఖానా. ఒక్కోదాని మీద నలుగురు కూర్చోవాలి. అది హజ్రత్ కోసం."

"మరి హజ్రత్ ఏడి?"

సాబిర్ షా బయట ఎండలో బండ మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మంటే, "గది నీది కదా బేటా, నేను ఇక్కడ బాగానే ఉన్న" అన్నాడు.

భూదవ్వ రెండో జంపఖానా మీద కూర్చుని, ఖాళీగా ఉన్న తివాచీని చూస్తూ ఉండిపోయింది. మునీర్‌కు ఆమె దాన్ని మెచ్చుకుంటోందనిపించింది.

"చదరపు అంగుళానికి అరవై నాలుగు ముడులు అవ్వా. మొత్తం ఎనిమిది లక్షల ఎనభై నాలుగు వేల ఏడు వందల ముప్పై ఆరు."

"అవన్ని నువ్వే ఏసినవా?"

"నేనే."

"పెండ్లి చేసుకోకపోతివి" అంది భూదవ్వ. "ఒక్క ముడితో అయిపోతుండె."

అందరూ నవ్వారు. మునీర్ కూడా నవ్వాడు. తర్వాత చాయ్ తేబోయిన మనిషిని తలుపు దగ్గరే ఆపి, కథ అయ్యాక బయట తాగుదామన్నాడు. పొగాకు సంచులు బయటే ఉంచమన్నాడు. ఒక తల్లి ఒళ్ళోని పసివాడికి కింద గుడ్డ వేయించాడు. కథ మొదలుపెట్టాడు. కథ బాగానే చెప్పాడు. కాకపోతే వినేవాళ్ళందరూ కాళ్ళు గుప్పిట్లో పట్టుకుని రుద్దుకుంటూ విన్నారు.

రెండో జుమ్మేరాత్‌కు ఇరవై రెండుమంది.

చలి ఇంకా ఎక్కడి నుంచో వస్తోందని మునీర్ అనుకున్నాడు. మర్నాటి నుంచి రెండు రోజులు మోకాళ్ళ మీద గదంతా తిరిగాడు. గోడల వెంట అరచేయి పెట్టి చూశాడు. తలుపు కింద బెత్తెడు సందు కనిపిస్తే అందులో పాత గోనెలు కుక్కాడు. కిటికీలకు రెండో వరస గొంగళ్ళు వేశాడు. జంపఖానాలన్నీ ఎత్తి, గడ్డి ఇంకో నాలుగు వేళ్ళు పెంచి, మళ్ళీ అంచుకు అంచు కలిపాడు. ఆ రెండు రోజులూ అతను అన్నానికి కూడా సరిగ్గా కూర్చోలేదు.

మూడో జుమ్మేరాత్‌కు తొమ్మిదిమంది. అందులో ముగ్గురు తొట్టిని చూసి, "పత్తి ఏరాలె, యాదికొచ్చింది" అంటూ వెనక్కి తిరిగారు. భూదవ్వ రానే లేదు.

ఆ సాయంత్రం గది తలుపు వేసి వచ్చి మునీర్ గురువు పక్కన బండ మీద కూలబడ్డాడు.

"గదిలో చలి లేదు హజ్రత్. నాలుగు మూలలా చూశాను. నూనె గడ్డకట్టడం లేదు."

"అవును. నూనె బాగానే ఉంది."

"మరి మనుషులు ఎందుకు రావడం లేదు?"

సాబిర్ షా తన శాలువా సగం తీసి అతని భుజాల మీద వేశాడు.

"వచ్చే జుమ్మేరాత్ ఆఖరిది" అన్నాడు మునీర్. "అప్పుడు కూడా ఇంతే అయితే, నేను వచ్చే చలికాలం దాకా ఆగాలి. మామయ్య గది పోతుంది."

"వచ్చే జుమ్మేరాత్ ఇంకా రాలేదు" అన్నాడు సాబిర్ షా. "భూదవ్వ ఎట్లుందో పోయి చూసి రా."

మునీర్ వెళ్ళాడు. భూదవ్వ గుడిసెలో ఒక్కతే ఉంది. ఆరిపోయిన పొయ్యి పక్కన గోనెలో కాళ్ళు దూర్చుకుని కూర్చుంది. ఎప్పటిలా తిట్టలేదు. "నాకు గుట్ట ఎక్కుడు కాదు పిలగా" అని మాత్రం అంది. అది అతనికి తిట్టుకన్నా బరువుగా తగిలింది. పుల్లలు ఏరుకొచ్చి పొయ్యి రాజేసి, తిరిగి వచ్చాడు.

*

నాలుగో జుమ్మేరాత్ మధ్యాహ్నం మునీర్ కిందికి దిగి ఇల్లిల్లూ తిరిగాడు. "ఇవాళ తప్పకుండా రండి" అని ప్రతి గడప దగ్గరా చెప్పాడు. అరవై రెండు గడపలు. కొందరు చూద్దామన్నారు, కొందరు తల ఊపారు.

మూడింటికి గుట్ట ఎక్కి వచ్చి, మలుపు తిరగ్గానే ఆగిపోయాడు.

అతని తివాచీ బయట ఉంది.

గది ముందు, గుట్ట పైకి వచ్చే దారికి అడ్డంగా, ఎర్రటి మట్టి మీద పరిచి ఉంది. ఎవరు పైకి రావాలన్నా దాన్ని తొక్కే రావాలి. దాని నడిమధ్య, దానిమ్మ పూల మీద, సాబిర్ షా చెప్పులు లేని మట్టికాళ్ళు చాపుకుని ఎండకు కూర్చుని ఉన్నాడు. ఒడి నిండా రేగుపళ్ళు. ఒక్కొక్కటి నోట్లో వేసుకుని గింజలు పక్కనే ఉమ్ముతున్నాడు.

"హజ్రత్!"

"రా బేటా. పళ్ళు తియ్యగున్నయి."

"హజ్రత్, అది... దాన్ని ఎవరు తెచ్చారు?"

"నేనే. సోనేరావు ఒక కొస పట్టిండు."

సోనేరావు అప్పుడే ఎద్దులకు నీళ్ళు పెట్టి వస్తున్నాడు. బురదకాళ్ళతో టకటకా తివాచీ మీదికి నడిచి వచ్చి, ఒక మూల గొంతుక్కూర్చుని, గురువు ఒడిలోంచి గుప్పెడు రేగుపళ్ళు తీసుకున్నాడు. అతని వెనకే ఒక మేకపిల్ల వచ్చింది. అది ఒక పువ్వును వాసన చూసి, నమిలి చూసి, కాదనుకుని, ఆ పువ్వు మీదే పడుకుంది.

మునీర్ రెండు చేతులూ తలకు పెట్టుకున్నాడు. "హజ్రత్, తొక్కుతున్నారు!"

"అవును."

"ఏడేళ్ళు ఎవరి కాలూ పడలేదు దాని మీద!"

"అందుకేనా అంత బిరుసుగుంది?" అన్నాడు సాబిర్ షా. అరచేత్తో తివాచీని తట్టి చూశాడు. "మీ తాత కొత్త తివాచీ మగ్గం మీంచి దించినాక ముందుగా ఏం చేస్తుండె?"

కొత్తవాడలో ఆ ఇంటి ముందు సందు మునీర్ కళ్ళ ముందు మెదిలింది. తాత తివాచీని తెచ్చి నడివీధిలో పరిచేవాడు. కూరగాయల బండ్లు, బడికి పోయే పిల్లలు, బిందెలు మోసుకొచ్చే ఆడవాళ్ళు, అందరూ దాని మీంచే నడిచేవారు. పక్కకు తప్పుకుని పోబోయిన వాళ్ళను తాత పిలిచి మరీ తొక్కించేవాడు.

"వీధిలో పరిచేవాడు" అన్నాడు.

"ఎందుకు?"

"పదిమంది తొక్కితే ముడులు సర్దుకుంటాయని. లేచిన ఉన్ని రాలిపోతుంది. తివాచీ మెత్తబడుతుంది."

"మరి ఇదెందుకు అట్ల చెయ్యలే?"

మేకపిల్ల మునీర్‌ను చూసి 'మే' అంది.

కింది నుంచి మాటలు వినిపించాయి. ఊరివాళ్ళు ఎక్కి వస్తున్నారు. ముందు నలుగురు, వెనక ఏడెనిమిది మంది. అందరికన్నా వెనక, కర్ర టకటకలాడిస్తూ, రెండు అడుగులకోసారి ఆగుతూ భూదవ్వ. పొయ్యి రాజేసి వెళ్ళినందుకు కాబోలు, గుట్ట ఎక్కనన్న మాట మార్చుకుంది.

ముందు వచ్చినవాళ్ళు తివాచీ అంచు దగ్గరే ఆగిపోయారు. ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ కాలు పెట్టలేదు. భూదవ్వ వాళ్ళను తోసుకుంటూ ముందుకు వచ్చింది.

"తొట్టేడుంది?" అంది. "కడుగుమంటే కడుగుత. మల్ల పిలగాడు ఏడుస్తడు."

అందరి చూపూ మునీర్ మీద పడింది. సాబిర్ షా మాత్రం రేగుపండు కొరుకుతూ కొండల వైపు చూస్తున్నాడు.

మునీర్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"రా అవ్వా" అన్నాడు. "అట్లాగే రా."

"కాళ్ళకు మట్టుంది."

"ఉండనీ."

భూదవ్వ అతన్ని ఒక క్షణం అనుమానంగా చూసింది. తర్వాత ఒక కాలు పెట్టింది. రెండోది పెట్టింది. కర్ర పక్కన పడేసి, తివాచీ నడుమ సాబిర్ షా పక్కనే చతికిలబడి, కాళ్ళు రెండూ బారజాపి, అరచేతులతో ఉన్నిని ఒత్తి చూసింది. మధ్యాహ్నమంతా ఎండ తాగిన ఉన్ని అది.

"అబ్బ" అంది. "అబ్బబ్బ. రొట్టె పెనం లెక్కుంది. ఒసే, మీరంత ఏం సూస్తున్నరే, కూసోండ్రి!"

ఇక ఆగలేదు. పన్నెండడుగులకు ఎనిమిదడుగుల చోటు ఎంతమందికి సరిపోతుందో మునీర్‌కు తెలుసు. అంతకు రెండింతల మంది కూర్చున్నారు. పట్టనివాళ్ళు అంచుల మీద మోకాళ్ళు ఆనించారు. పసివాడొకడు దానిమ్మ పూల మీద దోగాడి, మేకపిల్ల తోక పట్టుకున్నాడు. పొగాకు సంచులు విప్పుకున్నాయి. చాయ్ వచ్చింది. మొదటి గ్లాసే ఒలికింది.

ఒలికించినవాడు బిక్కచచ్చి మునీర్ వైపు చూశాడు. మునీర్ భుజం మీది తువ్వాలు తీసి అద్దాడు. మరక పోలేదు. రెండో గ్లాసు ఒలికేసరికి అతనికే నవ్వొచ్చింది.

*

నాలుగు దాటగానే ఎండ పక్క కొండల వెనక్కి జారింది. గాలి లేచింది. ఉత్తరం నుంచి వచ్చే ఆ గాలి చెవులను కోసేస్తుంది. జనం కండువాలు బిగించుకున్నారు. ఒకరిద్దరు ఇంటికి పోవడానికి లేవబోయారు.

"లోపలికి పోదాం, కథ ఉంది" అన్నాడు మునీర్. తొట్టి మాట ఎత్తలేదు.

"నేను లేవ" అంది భూదవ్వ.

"గాలి వస్తోంది అవ్వా."

"రానీ. మూడు నెలలకు ఇయ్యాల్నే నా మోకాళ్ళు ఎచ్చగైనయి. కదిలిచ్చినవంటే సూడు."

అందరూ లేచి నిలబడ్డారు. భూదవ్వ మాత్రం తివాచీ నడుమ బండరాయిలా కూర్చుంది. కోడలి వరస అయ్యే ఒకామె చెయ్యి అందిస్తే కొట్టినంత పని చేసింది.

సోనేరావు గట్టిగా నవ్వాడు. "లేవకు తియ్యి అవ్వా!" అని అరిచి, వంగి తివాచీ ఒక మూల పట్టుకున్నాడు. "రాండ్రి, ఒక్కొక్క కొస పట్టుండ్రి! కొసలు పట్టనోళ్ళు అంచులు పట్టుండ్రి!"

ఇంకో మూల ఇంకో మనిషి పట్టాడు. మూడో మూల ఇద్దరు ఆడవాళ్ళు పట్టారు. అంచుల నిండా చేతులు. నాలుగో మూల దగ్గర ఇంకెవరూ లేరు. అక్కడ నిలబడింది మునీర్ ఒక్కడే.

పదకొండు నెలలు దాని మీద వంగి కూర్చున్న మనిషికి ఆ మూల ముడులన్నీ తెలుసు. ఇంతమంది లాగితే అంచు సాగుతుందని తెలుసు, ఒక్కోసారి పోగులు తెగుతాయనీ తెలుసు.

వంగి గట్టిగా పట్టుకున్నాడు.

"ఎత్తండ్రి!"

తివాచీ లేచింది. నడుమ భూదవ్వ, ఆమె చుట్టూ రేగుగింజలు, పొగాకు సంచి, ఒక ఖాళీ చాయ్ గ్లాసు. లేచిన ఊపుకు భూదవ్వ వెల్లకిలా పడి మళ్ళీ లేచి కూర్చుంది.

"మెల్లగా! మెల్లగా దొంగసచ్చినోళ్ళారా! నన్ను పాతిపెట్టవోతున్నరా?"

"పల్లకిల తీస్కపోతున్నం!"

"నా పెండ్లికి గూడ గిట్ల మోసినోడు లేడు!" అంది భూదవ్వ, ఈసారి నవ్వుతూ. ఒక చేత్తో నెత్తి మీది కొంగు సర్దుకుని, రెండో చేత్తో జనానికి దండం పెట్టింది. పిల్లలు కేకలు వేశారు. ఆడవాళ్ళు పెండ్లిపాట ఎత్తుకున్నారు. మేకపిల్ల అందరి కాళ్ళ మధ్యా పడి పరిగెత్తింది.

తలుపు ఇరుకు. తివాచీని వంచి, పక్కకు తిప్పి, భూదవ్వను ఒకవైపు ఒరిగించి, ఆమె తిట్లు తింటూ, ఎలాగో లోపలికి దూర్చారు. తెచ్చి ఎక్కడ పడితే అక్కడ దించారు. అది తన ఖాళీలో పడలేదు. వంకరగా, సగం జంపఖానాల మీద, సగం గడ్డి మీద పడింది. వెనకే మిగతావాళ్ళంతా ఆ మట్టికాళ్ళతోనే తోసుకుంటూ వచ్చేశారు.

మునీర్ చేతులు అలవాటుగా తివాచీ అంచు సరిచెయ్యడానికి వెళ్ళాయి. ఆ అంచు మీద అప్పటికే ముగ్గురు కూర్చుని ఉన్నారు. అంచు వదిలేసి, దొరికిన చోట తనూ కూర్చున్నాడు.

అతని పక్కనే భూదవ్వ.

"జర జరుగు పిలగా" అని, దుమ్ము కొట్టుకున్న రెండు పాదాలూ అతని తొడ కిందికి దూర్చేసింది. గుమ్మం దాటేలోపే గాలికి చల్లబడిన పాదాలు. పగుళ్ళు అతని పైజామా మీద గీసుకున్నాయి.

మునీర్ కదల్లేదు. తన శాలువా తీసి ఆమె మోకాళ్ళ మీద కప్పాడు.

"కథ చెప్పవా?" అంది ఆమె.

"చెబుతాను. పాదాలు వెచ్చబడనీ."

గదిలో పొగాకు వాసన, చాయ్ వాసన, చెమట వాసన, గడ్డి వాసన. పాట ఇంకా ఆగలేదు. కొత్తగా వచ్చినవాళ్ళకు చోటు కోసం ఉన్నవాళ్ళు జరిగారు, ఇంకా జరిగారు. ఎవరో ఉక్కగా ఉందంటూ కిటికీ గొంగడి కొంచెం తొలగించారు. సాబిర్ షా కూడా లోపలికి వచ్చాడు. ఆయన కోసమని ఎవరూ చోటు ఉంచలేదు. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, సోనేరావు వీపుకు వీపు పెట్టి కూర్చుని, కళ్ళు మూసుకున్నాడు.

మునీర్ ఆ రోజు కథ చెప్పలేదు. భూదవ్వ చెప్పింది. తన పెండ్లినాడు బండి బురదలో దిగబడిన కథ. ఎంత నవ్వారంటే పసివాడు జడుసుకుని ఏడ్చాడు.

*

అందరూ దిగిపోయాక గురుశిష్యులిద్దరే మిగిలారు. ఇంకా కొద్దిగా వెలుతురు ఉంది. మునీర్ తివాచీ మీద మోకాళ్ళ మీద కూర్చుని రేగుగింజలు ఏరుతున్నాడు. అరచేయి ఆనినచోటల్లా ఉన్ని మెత్తగా వంగుతోంది.

"ఎల్లుండి సోనేరావు బండి నిర్మల్ పోతోంది" అన్నాడు సాబిర్ షా. "అక్కడ్నుంచి వరంగల్ బస్సుంది. నీ మాట చెప్పిన. తివాచీకి కూడా చోటుందన్నడు."

సెలవు దొరికింది. రెండు వేల ఐదు వందల రోజులకు పైగా ఎదురుచూసిన మాట. మునీర్ ఏరిన గింజలు తువ్వాలులో మూటగట్టాడు.

"తివాచీ రాదు హజ్రత్" అన్నాడు. "భూదవ్వ పొగాకు సంచి దాని మీదే పెట్టి పోయింది. ఎవరూ తియ్యొద్దంది."

"మంచిది."

"నేను కూడా ఉంటాను. చలి ఇంకా రెండు నెలలుంది. వీళ్ళంతా వచ్చే జుమ్మేరాత్ వస్తామన్నారు. వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి."

సాబిర్ షా అతన్ని చూసి, పళ్ళ సందు కనబడేలా నవ్వాడు.

"ఈ గది వెచ్చబడ్డది, ఇక మీ మామ గది ఉంది. వరంగల్‌లో చలి లేదా బేటా?"